తెలుగు గంట

మధ్యాహ్నం అన్నాల తర్వాత మొదటి పీరియడు తెలుగు. ఎవరు పెట్టిన ఆచారమో గానీ చాలా ఊళ్లలో అదే టైంటేబులు. పొద్దుటి చల్లని గంటలన్నీ లెక్కలూ ఇంగ్లీషూ పట్టుకుపోయేవి. కేరేజీల్లోని పెరుగన్నం కడుపులో చేరి కళ్లు మూతలు పడే వేళకి తెలుగు మిగిలేది. చింతచెట్టు కొమ్మకి వేలాడే రైలుపట్టా ముక్కని బంట్రోతు ఇనప కడ్డీతో ఠంగుమనిపించేవాడు. ఆ మోత ఇంకా ఆగకముందే, కండువా సర్దుకుంటూ, చేతిలో సుద్దముక్క తప్ప ఇంకేమీ లేకుండా తెలుగు మాస్టారు గుమ్మంలో కనిపించేవారు. పుస్తకం ఆయనకి అక్కర్లేదు. వాచకమంతా నోట్లోనే ఉండేది.

ఈ కథలోని కుర్రాడు 1981-82లో పదో తరగతి. పశ్చిమగోదావరి జిల్లాలో కాలవగట్టు మీద ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. మగపిల్లలూ ఆడపిల్లలూ కలిపి క్లాసులో నలభై నలుగురు. అంతకు కొన్నేళ్ల కిందట, 1969లో, రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చాక పదో తరగతే బడికి ఆఖరి మెట్టయింది. పైన పబ్లిక్ పరీక్ష, 600 మార్కులు, 360 వస్తే ఫస్టు క్లాసు. ఊళ్లో పదో తరగతి కుర్రాడంటే ఓ మర్యాద. ఇంట్లో పని చెప్పడం మానేసేవారు. "వాడికి పబ్లికు" అంటే చాలు, గేదె పాలు కాస్త ఎక్కువ పోసేవారు.

మాస్టారి క్లాసు పద్యంతో మొదలయ్యేది. మామూలుగా చదివి ఊరుకోరు, రాగం తీసేవారు. ఒకసారి మొత్తం, రెండోసారి పాదం పాదం విరిచి, మూడోసారి పిల్లలతో. వాచకంలో కొన్ని పద్యాల పక్కన చుక్క గుర్తుండేది. అవి కంఠతా పట్టాలి. పరీక్షలో 'పాదభంగం లేకుండా' రాయమని అడుగుతారు. ఒక్క పొల్లు ఎగిరినా మార్కు ఎగిరినట్టే. తెల్లారి లేచి కాలవగట్టు మీద చన్నీళ్లు మొహాన కొట్టుకుని గట్టిగా అరుస్తూ పద్యాలు బట్టీ పట్టే పిల్లలు ఆ రోజుల్లో ఊరికి అలారం గడియారాలు. ఆ పద్యాల అర్థం తెలిసే చదివారా అంటే, సగం తెలీదు. గురజాడ ఈ సంగతి అప్పుడే పట్టేశారు. 1892లో మొదటిసారి ప్రదర్శించిన 'కన్యాశుల్కం'లో వెంకటేశం పద్యం గడగడా చదువుతాడు గానీ, అందులోని ఒక్క సమాసానికి అర్థం అడిగేసరికి నోరు పెగలదు. తొంభై ఏళ్ల తర్వాత ఈ క్లాసులో కూడా వెంకటేశాలకి కొదవ లేదు.

అయినా ఒక పని మాత్రం వాళ్లకి అర్థమయ్యే, ఇష్టమయ్యే పట్టుబడింది. అది గణవిభజన.

మాస్టారు బోర్డు మీద 'యమాతారాజభానసలగం' అని రాసి, అందులో ఏ అక్షరం దగ్గర మొదలెట్టి వరసగా మూడక్షరాలు తీసుకుంటే ఆ గణం వస్తుందని చూపించారు. యమాతా యగణం, రాజభా రగణం, జభాన జగణం. గురువుకి 'U', లఘువుకి 'I'. క్లాసులో ఒక్కసారిగా నిద్ర వదిలింది. ఇది ఎవరికీ తెలియని రహస్య లిపి లాగుంది మరి. ఆ సాయంత్రమే బస్టాండు గోడమీది సినిమా పోస్టర్లన్నీ గణాలకింద చీలిపోయాయి. 'కొండవీటి సింహం' రగణం, యగణం. 'ప్రేమాభిషేకం' తగణం, రెండు గురువులు. 'గజదొంగ' అయితే అచ్చంగా సలం, అంటే ఇంద్రగణం. అంతకు ముందు ఏడాది వచ్చిన 'శంకరాభరణం' రగణం, సగణం. తారల్ని కూడా వదల్లేదు. శ్రీదేవి తగణం కాబట్టి ఇంద్రగణం, కృష్ణ గలం కాబట్టి సూర్యగణం. అభిమాన సంఘాల్లో ఇది పెద్ద చర్చయింది. సూర్యుడు గొప్పా ఇంద్రుడు గొప్పా అని కొట్టుకునేదాకా వెళ్లింది.

మర్నాడు మాస్టారు ఈ గొడవ విని కోప్పడతారనుకున్నారు. ఆయన నవ్వి, "సరే, ఇక మీ పేర్లు చెప్పండ్రా" అన్నారు. ఒక్కొక్కరే లేచి తమ పేరు చెప్పి గణం చెప్పాలి. ముందు బల్లలో కూర్చునే ఒకమ్మాయి పేరు జగణం అని తేలింది. క్లాసులో మరెవరికీ జగణం రాలేదు. ఆ పూటనించి మగపిల్లలు ఆ అమ్మాయిని వెనకమాల 'జగణం' అనడం మొదలెట్టారు. ఎదురుగా అనే ధైర్యం ఎవడికీ లేదు, ఎందుకంటే వ్యాకరణంలో ఫస్టు ఆ అమ్మాయే.

ప్రతిపదార్థం వేరే రకం పని. రెండొందల పేజీల నోటుబుక్కులో పేజీ మధ్య నిలువుగీత. ఎడమ పక్క పద్యంలోని మాట, దాని పక్కన ఈజీక్వల్ గుర్తు, కుడి పక్క అర్థం. పద్యంలో మాటలున్న వరసలో రాయకూడదు. ముందు కర్త ఎవరో పట్టుకుని, దానికి విశేషణాలు చేర్చి, చివరికి క్రియ దగ్గరికి రావాలి. దీన్ని అన్వయం అంటారు. చిక్కుపడ్డ వలని విప్పే జాలరి చెయ్యి కావాలి దీనికి. చెయ్యంటే గుర్తొచ్చింది. 'కరము' అంటే చెయ్యి, తొండము, కిరణము, పన్ను అని నానార్థాల్లో వల్లెవేసిన మన కుర్రాడు, త్రైమాసిక పరీక్షలో రాజుగారి కరము దగ్గర ఆలోచించి ఆలోచించి 'తొండము' అని రాశాడు. మాస్టారు పేపర్లు పంచుతూ, "ఒరేయ్ అబ్బాయ్, రాజుగారిని కాస్త దూరంగా కట్టెయ్. పిల్లలున్న చోటు" అన్నారు. ఆ నవ్వు క్రిస్మస్ సెలవులదాకా వెంటాడింది.

తెలుగు మాస్టార్ల చదువు కూడా ఇప్పుడు చాలామందికి గుర్తులేదు. బీఏలూ బీఈడీలూ కాదు. ఓరియంటల్ కళాశాలలో విద్వానో భాషాప్రవీణో చేసి, ఆపైన పండిత శిక్షణ పూర్తిచేసి వచ్చేవారు. గోదావరి జిల్లాల్లో 'మాస్టారు', తెలంగాణలో 'సారు', రాయలసీమలో 'అయివారు'. పిలుపేదైనా హోదా మాత్రం బళ్లో లెక్కల మాస్టారికంటే ఒక మెట్టు కిందే. భాషా పండితులు పై స్కేలు కోసం దశాబ్దాలు అర్జీలు పెట్టుకుంటూనే వచ్చారు. ట్యూషన్లు కూడా వాళ్లకి రావు. తెలుగుకి ట్యూషన్ ఎవడు పెట్టించుకుంటాడు?

అలాంటి ఉద్యోగమే చేశారు తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి. బందరు హిందూ హైస్కూల్లో ఆయన తెలుగు పండితుడు. ఆయన దగ్గర చదువుకున్న వాళ్లలో విశ్వనాథ సత్యనారాయణ ఉన్నారు, పింగళి లక్ష్మీకాంతం ఉన్నారు, కాటూరి వేంకటేశ్వరరావు ఉన్నారు. విశ్వనాథకి 1970లో జ్ఞానపీఠం వచ్చింది, తెలుగులో అదే మొదటిది. పింగళి, కాటూరి కలిసి 'సౌందరనందం' రాసి గురువుగారికే అంకితమిచ్చారు. ఒక హైస్కూలు తెలుగు క్లాసు నుంచి ఇంత పంట. గుర్రం జాషువా తెలుగు పండితుడిగా పనిచేశారు, రాజమండ్రిలో మధునాపంతుల సత్యనారాయణశాస్త్రీ అంతే. అంటే పిల్లల వాచకంలో కవిపరిచయం కింద కనబడే పెద్దల్లో కొందరు, మొన్నటిదాకా ఎక్కడో ఓ బళ్లో మధ్యాహ్నం పీరియడుకి సుద్దముక్క పట్టుకుని వెళ్లినవాళ్లే. ఈ సంగతి వాచకంలో ఉండేది కాదు. చెళ్లపిళ్ల పేరు పుస్తకాల్లో తెలియకపోయినా, ఆ జంటకవులు రాసిన పాండవోద్యోగ విజయాల పద్యాలు మాత్రం కాలవగట్టు మీద పడవ లాగేవాడి నోట కూడా వినిపించేవి.

స్కూలు వార్షికోత్సవానికి కూడా తెలుగు మాస్టారే దిక్కు. భువనవిజయం వేయించాలన్నా, ఏకపాత్రాభినయం నేర్పాలన్నా. 1977లో 'దాన వీర శూర కర్ణ' వచ్చాక ప్రతి ఊళ్లోనూ ఒక దుర్యోధనుడు తయారయ్యాడు. అట్టతో చేసిన గద, అద్దాల చమ్కీలు కుట్టిన చొక్కా, పౌడరు కొట్టిన మొహం. ఆ సంభాషణలు రాసిన కొండవీటి వేంకటకవి కూడా పొన్నూరు సంస్కృత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా చేసినాయనే. సినిమాలో ఆ మాటలు అంత గట్టిగా పేలడానికి కారణం ఎన్టీఆర్ గొంతే అనుకునేవారు పిల్లలు. వాటి వెనక సమాసాలు కట్టడం తెలిసిన పండితుడి చెయ్యి ఉందని మాస్టారు చెబితే గానీ తెలియలేదు. ఆయన ఒక పూటంతా ఆ డైలాగుల్ని విగ్రహవాక్యాలుగా విడదీయించారు. సిలబస్‌లో లేని పాఠం, క్లాసులో నిద్రపోయినవాడు లేడు.

ఇంత మంచి చెప్పాక చెడ్డ కూడా చెప్పాలి. వ్యాసరచన దగ్గరికి వచ్చేసరికి అంతా గైడు రాజ్యం. 'నీవు చూసిన యాత్రాస్థలం' అని వ్యాసం ఇస్తే నలభై నలుగురూ తాజ్‌మహల్ రాశారు. అందులో ఏ ఒక్కడూ గోదావరి జిల్లాలు దాటి వెళ్లినవాడు కాదు. మన కుర్రాడు అప్పటికి చూసిన పెద్ద ఊళ్లు రెండు. ఒకటి ద్వారకాతిరుమల, పుట్టువెంట్రుకలు తీయించడానికి వెళ్లాడట, గుర్తులేదు. రెండోది అంతర్వేది తీర్థం. అక్కడ రథం దగ్గర తప్పిపోయి, పీచుమిఠాయి వాడి పక్కన గంటసేపు ఏడ్చి, చివరికి మేనమామ భుజమెక్కి ఇంటికొచ్చాడు. సముద్రం మొదటిసారి చూసింది అప్పుడే. అది రాయొచ్చని అతడికి తోచలేదు, రాయమని ఎవరూ చెప్పలేదు. యమునా తీరమున వెన్నెలలో పాలరాతి సౌధము వెలుగొందుచున్నదని రాశాడు. పదికి ఏడు మార్కులు.

సందర్భసహిత వ్యాఖ్యలూ అంతే. 'ఈ వాక్యము ఫలానా పాఠ్యభాగము నుండి గ్రహింపబడినది' అని మొదలెట్టకపోతే మార్కులుండవు. ఇంట్లో ఎవడూ 'గ్రహింపబడినది' అనడు, బజారులో అనడు, ఆఖరికి మాస్టారు కూడా అనరు. కాగితం మీద మాత్రం అందరూ అనాలి. ఏడాది మొత్తంలో, ఈ పద్యం నీకెందుకు నచ్చింది అనో, నచ్చకపోతే ఎందుకు నచ్చలేదనో ఒక్క ప్రశ్న కూడా ఎదురవలేదు. నచ్చడం పాఠ్యప్రణాళికలో లేదు.

అయితే లేఖారచన ఉందే, అది మాత్రం బడిగోడ దాటి ఊళ్లోకి వచ్చేసింది.

క్లాసులో నేర్పినవి మామూలు లేఖలే. సోదరి వివాహానికి మూడు రోజులు సెలవు కోరుతూ ప్రధానోపాధ్యాయులకు అర్జీ, పుస్తకాలు పంపమని విజయవాడ దుకాణానికి లేఖ, విహారయాత్ర గురించి మిత్రుడికి లేఖ. కుడివైపు పైన ఊరు, తేదీ. ఎడమవైపు సంబోధన. కింద 'చిరునామా' అని పెట్టె గీయాలి. అయితే ఆ రోజుల్లో గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కీ మస్కట్‌కీ పనికి వెళ్లే జనం పెరుగుతున్నారు. ఎవరింట్లో చూసినా ఒక కొడుకో కోడలో అక్కడ. మిలిటరీలో ఉన్నవాళ్లు సరేసరి. ఉత్తరాలు రాయాలంటే పదో తరగతి కుర్రాళ్లే దిక్కు. సాయంత్రం అయ్యేసరికి అరుగు మీద లాంతరు పెట్టి, నీలం ఏరోగ్రాం విప్పి, "రాయి నాయనా" అనేవారు. కూలి ఒక సున్నుండ, లేదా గుప్పెడు వేరుశనగకాయలు.

మన కుర్రాడి పక్కింట్లో ఒకావిడ కొడుకు కువైట్‌లో డ్రైవరు. అతణ్ని కుర్రాడు బావా అనేవాడు, ఆవిణ్ని అత్తా అని పిలిచేవాడు. ఆవిడ చెబుతుంటే ఇతడు రాసుకుంటూ పోయాడు. దూడ చచ్చిపోయిన సంగతి, వానకి వంటింటి కప్పు కారుతున్న సంగతి, పంపిన డబ్బులో ఎంత వడ్డీకి పోయిందో ఆ లెక్క. మధ్యలో గొంతు బొంగురుపోయి కాసేపు ఆగింది. అంతా అయ్యాక, "ఏం రాసేవో ఓసారి చదువమ్మా" అంది. ఇతడు గర్వంగా చదివాడు. 'చిరంజీవియగు కుమారునకు తల్లి ఆశీర్వదించి వ్రాయునది. ఇచట మేమెల్లరము క్షేమము. మన గోవత్సము గతించినది.' ఆవిడ చివరిదాకా విని, కొంగుతో మొహం తుడుచుకుని అంది: "బాగానే ఉందిరా. కానీ ఇది నేను చెప్పినట్టు లేదు. ఎవరో పంతులుగారు చెప్పినట్టుంది. ఆడు భయపడతాడేమో."

ఇంకో ఏరోగ్రాం తెచ్చారు. అది దండగని ఆవిడ గొణుక్కుంది కూడా. ఈసారి ఆవిడ అన్నది అన్నట్టు రాశాడు. 'మన బుల్లిదూడ పోయిందిరా. మూడ్రోజులు మేత ముట్టలేదు.' రెండు నెలలకి జవాబొచ్చింది. ఆ జవాబు చదివి వినిపించింది కూడా ఇతడే. అందులో కొడుకు సగం ఉత్తరం దూడ గురించే రాశాడు.

మన కుర్రాడు తనకి తెలియకుండానే ఒక పాత తగాదాలో కాలు పెట్టాడు. 1910లలో మద్రాసు ప్రెసిడెన్సీలో స్కూల్ ఫైనల్ పిల్లలు వ్యాసం గ్రాంథికంలో రాయాలా, వాడుకభాషలో రాయొచ్చా అన్నదాని మీద పెద్ద యుద్ధమే జరిగింది. వాడుకభాష వైపు గిడుగు రామమూర్తి, గురజాడ. అటువైపు జయంతి రామయ్య పంతులు, 1911లో ఆయన స్థాపించిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు. అంటే తెలుగు ఏ భాషలో రాయాలన్న మహావాదం రాజుకున్న చోట్లలో ఒకటి ఇదిగో, ఈ పదహారేళ్ల పిల్లల కాంపోజిషన్ పుస్తకం. చిన్నయసూరి 1858లో అచ్చువేయించిన 'బాలవ్యాకరణం' సూత్రాలనే మాస్టారు బోర్డు మీద రాసేవారు. గిడుగు గెలిచాక కూడా, పత్రికలూ నవలలూ ఎప్పుడో వాడుకభాషలోకి వచ్చేశాక కూడా, పదో తరగతి జవాబుపత్రంలో వాక్యాలు 'గ్రహింపబడుతూనే' ఉన్నాయి. కుర్రాడు ఉత్తరం సంగతి మాస్టారికి చెప్పాడు. ఆయన కాసేపు ఊరుకుని, "ఉత్తరంలో అలాగే రాయి. పరీక్షలో మాత్రం వద్దు" అన్నారు. గొంతు బాగా తగ్గించి చెప్పారు. హెడ్‌మాస్టారి గది పక్కనే మరి.

బెంచీ కింద సాహిత్యం వేరే నడిచేది. 'చందమామ' బేతాళ కథలు దాటిపోయి చాలా రోజులైంది. యండమూరి 'తులసిదళం' చేతులు మారుతూ వచ్చి సోషలు పుస్తకంలో దాక్కునేది. ఆడపిల్లల దగ్గర యద్దనపూడి నవలలుండేవని వినికిడి. ఊళ్లో శాఖా గ్రంథాలయం ఒక గది, రెండు బీరువాలు. గ్రంథపాలకుడు సాయంత్రం అయిదింటికి తీసి ఏడింటికి మూసేవాడు. ఆదివారం మధ్యాహ్నం విజయవాడ రేడియోలో ఉషశ్రీ గారు భారతం చెబుతుంటే బడ్డీకొట్టు దగ్గర సైకిళ్లు ఆగిపోయేవి. పాఠంలో కర్ణుడికీ రేడియోలో కర్ణుడికీ పోలికే లేదని, రెండోవాడు మనింట్లోవాడిలా ఉంటాడని కుర్రాడు అనుకునేవాడు. క్లాసులో ఇది చెప్పడానికి సందర్భం రాలేదు.

సంక్రాంతి సెలవులకి ముందు ఓ రోజు అతడికి సరదా పుట్టింది. ఆటవెలదికి మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే. మూడూ నాలుగూ అదే తీరు. నాలుగో గణం మొదటి అక్షరంతో యతి కుదరాలి. లెక్కల పీరియడులో, లెక్కల నోటుబుక్కు వెనకపేజీలో, వేళ్లు మడుచుకుంటూ కూర్చుని ఇలా కట్టాడు:

పొద్దు పొడిచె బడికి పోవుట తప్పదు
లెక్కలన్న గుండె లేచి దూకు

రెండు పాదాలకే ఒళ్లంతా చెమట. మూడోది రాలేదు. సాయంత్రం దాన్ని తెలుగు కాంపోజిషన్ పుస్తకం చివర చిన్న అక్షరాలతో ఎక్కించి, మాస్టారు చూడకపోతే బాగుణ్ననీ చూస్తే బాగుణ్ననీ అనుకుంటూ పుస్తకం ఇచ్చేశాడు.

వారం తర్వాత పుస్తకం తిరిగొచ్చింది. ఆ రెండు పాదాల మీద ఎర్రసిరాతో U, I గుర్తులు వరసగా ఉన్నాయి. పొద్దు కింద 'గలం', పొడిచె కింద 'న', బడికి కింద 'న', పోవుట కింద 'భ', తప్పదు కింద మళ్లీ 'భ'. పొ, పో రెండింటికీ సున్నా చుట్టి మధ్య గీత. లె, లే కూడా అలాగే. మాస్టారి అక్షరాలు ముత్యాలు. పక్కన మార్కులు లేవు, సంతకం లేదు. కింద ఒకే ఒక్క ప్రశ్న: 'మిగతా రెండు?'

పదేళ్ల బడిలో గైడులో జవాబు దొరకని ప్రశ్న అదొక్కటే వచ్చింది అతడికి. జవాబు రాయలేదు. అప్పటికే నైట్ స్టడీలు మొదలయ్యాయి.

నైట్ స్టడీ అంటే బళ్లోనే పడుకోవడం. అన్నం తిని, చాపా దిండూ చంకన పెట్టుకుని ఏడింటికి రావాలి. కరెంటు పోతే పెట్రోమాక్స్ లైటు. పదింటిదాకా చదువు, తర్వాత దెయ్యాల కథలు, తెల్లవారుజామున నాలుగింటికి మళ్లీ లేపడం. మాస్టార్లు వంతులవారీగా కాపలా. తెలుగు మాస్టారి వంతు రోజు చదువు తక్కువ సాగేదని లెక్కల మాస్టారి ఫిర్యాదు. నిజమే. ఆయన కుర్చీ వెనక్కి వాల్చి కరుణశ్రీ పద్యాలు ఘంటసాల బాణీలో ఎత్తుకునేవారు. పిల్లలు పుస్తకాలు మూసేసేవారు. వరండాలో దోమలు తప్ప మరో చప్పుడుండేది కాదు.

తొమ్మిదో తరగతి వాళ్లిచ్చిన వీడ్కోలు సభలో హాల్‌టికెట్లు సరస్వతి పటం ముందు పెట్టి పూజ చేశారు. బూందీ, మిక్చరు, గ్రూప్ ఫొటో. పరీక్షల్లో మొదటి రోజు ఎప్పుడూ తెలుగే కాబట్టి, ఆ రోజు అందరికీ భయం. అట్ట, సిరా పెన్ను, దానికి తోడు ఇంకో సిరా పెన్ను. అడిషనల్ షీట్లు కట్టుకోవడానికి తెల్లదారం. ఆఖరి అరగంటలో బిట్ పేపరు. చుక్క గుర్తు పద్యం వచ్చింది, పాదభంగం కాలేదు. వ్యాసం మాత్రం మళ్లీ గైడులోదే రాశాడు. ఆ మార్చి 29నే హైదరాబాద్‌లో ఎన్టీఆర్ కొత్త పార్టీ ప్రకటించారు. పేరు పేపర్లో చూడగానే పిల్లల వేళ్లు వాటంతటవే మడుచుకున్నాయి. తెలుగుదేశం: నగణం, రెండు గురువులు.

ఫలితాలు పేపర్లోనే. పేర్లుండవు, నంబర్లే. పొద్దున్నే బస్సులో వచ్చే కట్ట కోసం బస్టాండు దగ్గర జాతర. కుర్రాడి నంబరు ఫస్టు క్లాసు వరసలో ఉంది. తెలుగులో 71 వచ్చాయి, క్లాసులో రెండో మార్కు. మొదటిది చెప్పక్కర్లేదు, జగణానిదే. నూటికి డెబ్బై దాటడమంటే అప్పట్లో తెలుగులో గొప్ప. ఆ గొప్పే కొంప ముంచింది కూడా. ఇంటర్‌లో చేరేటప్పుడు కాలేజీ గుమాస్తా, "సంస్కృతం తీసుకో బాబూ, తొంభై దాటతాయి" అన్నాడు. తీసుకున్నాడు. తెలుగు పిల్లల్లో లెక్కలేనంతమందికి తెలుగు క్లాసు అలా పదో తరగతితో సరి. ఈ తెలివి ఈనాటికీ నడుస్తోంది.

ఆ తర్వాత చాలా మారింది. 2012లో మార్కుల బదులు గ్రేడులొచ్చాయి, తర్వాత మళ్లీ మార్కులే వచ్చాయి. 2020లో కరోనా వల్ల ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి పరీక్షే జరగలేదు, తెలంగాణలో మధ్యలో ఆగిపోయి మిగతా పేపర్లు రద్దయ్యాయి. 11 పేపర్లు 2023కల్లా రెండుచోట్లా ఆరయ్యాయి. సర్కారు బళ్లలో ఇంగ్లీషు మీడియం వచ్చింది. తెలంగాణ 2018లో బళ్లన్నిటిలో తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. పిల్లల పుస్తకాలు చూస్తే కొన్ని మంచి మార్పులు కనిపిస్తాయి. తెలంగాణ వాచకంలో అలిశెట్టి ప్రభాకర్ నగరం మీద రాసిన కవిత పాఠమైంది. యశోదారెడ్డి కథ తన పల్లె యాసతోనే పదో తరగతి గదిలోకి వచ్చింది. 'నీ అభిప్రాయం ఏమిటి' అనే ప్రశ్నలు పాఠాల చివర ఉన్నాయి. మన కుర్రాడి పదో తరగతిలో అలాంటి ప్రశ్న ఒక్కటుంటే అంతర్వేది రథమూ పీచుమిఠాయీ కాగితం మీదికి వచ్చేవి. పద్యాన్ని రాగం తీసి చదివే క్లాసు మాత్రం అరుదైపోయింది. అభిప్రాయం అడిగే పుస్తకం, గొంతెత్తే మాస్టారు ఒకే కాలంలో దొరికితే ఎలా ఉండేదో.

ఆ బ్యాచి 2022లో కలిసింది, నలభై ఏళ్లు నిండాయని. బడి ఆవరణలో షామియానా, భోజనాలు. చింతచెట్టు లేదు, రైలుపట్టా లేదు, కరెంటు బెల్లుంది. తెలుగు మాస్టారు పోయి పదిహేనేళ్లయింది. ఆయన కొడుకుని పిలిచి శాలువా కప్పారు. మన కుర్రాడు, ఇప్పుడు బ్యాంకు మేనేజరు, మాట్లాడమంటే మైకు ముందు ఆ రెండు పాదాలూ చదివి, మాస్టారు అడిగిన ప్రశ్న చెప్పి, జవాబు ఇంకా బాకీ అని కూర్చున్నాడు.

ఆ రాత్రి వాట్సప్ గ్రూపులో పదకొండు దాటాక ఒక మెసేజి వచ్చింది. పంపినవాడు తణుకులో లారీల వ్యాపారం చేస్తాడు. క్లాసులో ఆఖరి బల్ల, తెలుగులో బొటాబొటీగా పాసైనవాడు.

తెలుగు గంట మోగ తేలిక పడునురా

అందరూ లేచి కూర్చున్నారు. తెలుగు నగణం, గంట గలం, మోగ గలం, తేలిక భగణం, పడునురా నగం. తె, తే యతి. ఒక్కటీ తప్పలేదు. ఎక్కడ నేర్చావురా అంటే, "గేటు పడ్డప్పుడల్లా లారీల వెనక రాతలకి గణాలు కడుతుంటాన్రా, టైం పాసు" అన్నాడు.

ఇక నాలుగోది. అర్ధరాత్రి దాకా ప్రయత్నాలు వస్తూనే ఉన్నాయి. మస్కట్ నుంచి ఒకడు, హైదరాబాద్ నుంచి ఇద్దరు. అన్నీ ఎక్కడో ఓ చోట తన్నేశాయి. చివరికి బ్యాంకు మేనేజరే 'పరీక్ష' అన్న మాటతో మొదలెట్టి ఒక పాదం పంపాడు. అతడి వేళ్లింకా ఫోను మీద ఉండగానే జవాబొచ్చింది. ముందు బల్ల అమ్మాయి. ఇప్పుడు ఆవిడ ఒక ఇంగ్లీషు మీడియం బళ్లో లెక్కలు చెబుతోంది.

"పాదం మొదట్లో పరీక్ష కుదరదు. అదీ నాలాగే జగణం. మీరంతా వెనకమాల నన్నేమనేవారో నాకు తెలుసులే. వేరే మాట చూడు."